చిందీ గుడ్డల్లోనూ ఇజ్జత్ ఉంది

"ఇంట్లో చేసిన బొమ్మ ఇస్తే, కొనే తాఖత్ లేక ఇచ్చారనుకుంటారు భాయ్!" ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు మన ఇళ్లలో చిన్నపిల్లల తల్లిదండ్రులు ఈ మాట అంటుంటారు. మైపాడు బీచ్‌లో కొన్న ప్లాస్టిక్ కారు చక్రం రెండో రోజుకే ఊడుతుంది. అయినా మళ్లీ అదే కొంటాం. పిల్లాడి ఖుషీ కోసమే కాదు, పక్కింటివాళ్ల నజర్ కోసం కూడా.

నా రాయ్ సాఫ్‌గా చెప్తాను. పాతదాంతో కొత్తది చేసుకోవడం గరీబీకి నిషానీ కాదు, హునర్. ఆ హునర్ మన పిల్లలకు అందకుండా అడ్డం పడుతున్నది డబ్బు కాదు, మన షరమ్.

దూదేకుల ఖాందాన్‌ల కసబ్ గుర్తు చేసుకోండి. గట్టిపడిన పాత పరుపు విప్పి, ఆ దూదిని విల్లుతో ఏకి, మళ్లీ మెత్తటి పరుపు కుట్టి ఇచ్చేవాళ్లు. పారేయాల్సిన దూదికి జాన్ పోసే పని అది. లోకం ఆ కసబ్‌ని చిన్నచూపు చూసింది, ఆ పేరుతో ఎగతాళి చేసింది. ఆ చిన్నచూపే మనమూ నేర్చుకున్నాం. ఇప్పుడు అదే పనికి రీసైక్లింగ్ అని పేరు పెడితే మాత్రం గొప్పగా కనిపిస్తోంది!

దీన్‌లో చూసినా సిగ్గుపడాల్సిందేమీ లేదు. రుబయ్యి బింతె ముఅవ్విజ్ (రజి.) రివాయత్ బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ ఉంది. ఆషూరా రోజున పిల్లలతోనూ రోజా ఉంచేవాళ్లట. వాళ్ల కోసం ఉన్నితో బొమ్మలు చేసిపెట్టుకుని, అన్నానికి ఏడిస్తే ఆ బొమ్మ చేతికిచ్చి ఇఫ్తార్ దాకా ఊరడించేవాళ్లట. అబూదావూద్‌లో ఇంకో ముచ్చట ఉంది. హజ్రత్ ఆయిషా (రజి.) బొమ్మల మధ్య ఒక గుర్రం, దానికి గుడ్డ పీలికల రెక్కలు. గుర్రానికి రెక్కలేమిటని రసూలుల్లాహ్ (స.) అడిగితే, సులైమాన్ (అ.) గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అని ఆమె ఎదురు సవాల్ వేశారు. ఆయన మనసారా నవ్వారు. ఆ చిందీ రెక్కల విలువ ఆ నవ్వులో ఉంది.

ఇక ఏం చేయాలో చూద్దాం. మన పిల్లలు ఎక్కువమంది ఇంగ్లీషు మీడియం. ఇంట్లో మాట్లాడే జుబాన్ హరఫ్‌లు వాళ్లకు రావు. ఖాళీ అట్టపెట్టె నుంచి పడవలాంటి ఆకారం ఒకటి కత్తిరించండి. గుప్పెడు చింతగింజలు తీసుకోండి, అవే నుక్తాలు. కింద ఒక గింజ పెడితే బే, మూడు పెడితే పే. పైన రెండు పెడితే తే, మూడైతే సే. ఒక్క అట్టముక్క, నాలుగు హరఫ్‌లు! జీమ్ ఆకారం కత్తిరిస్తే కడుపులో ఒక గింజ జీమ్, మూడు చే, ఖాళీగా వదిలితే హే, పైన ఒకటి ఖే. తెలుగుకూ ఇదే దారి. ప కింద చిన్న పుల్ల పెడితే ఫ, చ కింద పెడితే ఛ. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి, రెండు లిపులూ ఒకే చాప మీద కూర్చుంటే నాకు మహా ఇష్టం.

అమ్మీ పాత దుపట్టాతో పిల్లల ఖురాన్‌కి జుజ్‌దాన్ కుట్టించండి. సూయీ దాగా అబ్బాయి చేతికీ ఇవ్వండి. రసూలుల్లాహ్ (స.) తన చెప్పులు, బట్టలు తానే బాగుచేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి.) చెప్పారు కదా! ముంజలు తిన్నాక రెండు తాటిబుర్రలకు పుల్ల గుచ్చి బండి చేయడం అబ్బా పని. ఈ మెహనత్ అంతా అమ్మీ నెత్తిన వేయకండి.

బడి ప్రాజెక్టు పేరుతో థర్మోకోల్, చార్టులు కొనుక్కొచ్చి, బచ్చా నిద్రపోయాక పెద్దవాళ్లు చేసేది నా లెక్కలో హునర్ కాదు. కుట్టు వంకర పోనీ, అట్ట ఒంటివైపు తెగనీ, చేయి మాత్రం పిల్లలదే కావాలి. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతో, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో సైన్సు నేర్పించారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. చెత్త అనుకున్నది కితాబంత పని చేస్తుందనడానికి ఇంకేం సబూత్ కావాలి?

అయితే పాతదల్లా పనికొస్తుందనుకోవద్దు. మన తీరమంతా రొయ్యల గుంటలే. గుంటల్లో వాడిన మందుల డబ్బాలు ఎంత కడిగినా పిల్లల ఆటకు, నీళ్లకు వాడకండి. పాడైన బొమ్మల్లోని బటన్ సెల్ పిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు. అలా మింగారని అనుమానం వస్తే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. మూడేళ్లలోపు పిల్లల దగ్గర చింతగింజలు, గుండీలు వద్దు. మెడకు చుట్టుకునే వలతాళ్లు ఏ వయసులోనూ వద్దు.

ఇస్రాఫ్ గురించి బయాన్‌లు చాలా విన్నాం. వచ్చే ఆదివారం ఒక గంట ఫోన్ పక్కన పెట్టి, పిల్లల పక్కన కూర్చుని ఒక్క వస్తువు చేయించండి. దాన్ని అల్మారాలో దాచకండి. మెహమాన్‌లు వచ్చినప్పుడు ముందుగదిలో పెట్టి, "మా బచ్చా చేసింది" అని ఫఖర్‌గా చెప్పండి. ఆ ఒక్క మాటతో పిల్లల చేతులకు ఇజ్జత్ దొరుకుతుంది.