సర్టిఫికెట్లకు సంకెళ్లు ఎందుకు?

చర్లపల్లి, మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడల్లో కూలి చేసే తండ్రుల బిడ్డలు కాప్రా బస్తీల నుండి నేడు డిగ్రీ, ఇంజనీరింగ్ కళాశాలల మెట్లు ఎక్కుతున్నారు. 2007 నాటి చట్టం బి.సి.-ఇ వర్గాలకు కల్పించిన 4 శాతం రిజర్వేషన్ వారిలో ఎందరికో సీటు ఇచ్చింది. ఫీజు తాను చెల్లిస్తానని ప్రభుత్వం మాట ఇచ్చింది. సీటు దక్కింది, మాట మాత్రం నిలవలేదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడినది ప్రభుత్వం. చదువు ముగిసిన నాడు యాజమాన్యాలు నిలదీసేది విద్యార్థిని! డబ్బు కట్టనిదే సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేనిదే ఉద్యోగమూ లేదు, పై చదువూ లేదు. ఒకరి అప్పుకు మరొకరిని బందీ చేయడం ఏ న్యాయం? ఒరిజినల్ సర్టిఫికెట్లను అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లోనే స్పష్టం చేసింది కదా!

2022లో కేంద్రం 1 నుండి 8 తరగతుల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌నూ, పరిశోధకులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ నిలిపివేసింది. విద్యాహక్కు చట్టం ఉండగా చిన్న తరగతులకు స్కాలర్‌షిప్ ఎందుకన్నది వారి వాదన. బడి ఉచితమైనంత మాత్రాన పేద ఇంటి ఖర్చులు ఉచితమవుతాయా? నిచ్చెనకు అడుగు మెట్టూ, పై మెట్టూ తీసివేసి ఎక్కమంటున్నారు.

మేము దయ కోరడం లేదు, హక్కు అడుగుతున్నాము. బకాయిలు విడుదల చేయాలి. సర్టిఫికెట్లు ఆపిన యాజమాన్యాలపై చర్య తీసుకోవాలి. మన మస్జిద్ కమిటీలకూ ఒక మనవి: జుమా నమాజు తరువాత ఒక గంట దరఖాస్తులు నింపే పనికి కేటాయించండి, జకాత్‌లో కొంత పేద విద్యార్థుల ఫీజులకు చేర్చండి. ‘ఇఖ్రా’ అన్న తొలి ఆజ్ఞను అందుకున్న ఉమ్మత్ మనది. మన బిడ్డల చదువు ఎవరి బీరువాలోనూ బందీగా ఉండరాదు.