చెవి ఎవరి చేతిలో పెడుతున్నాం?

మా వైపు దాన్ని గులిమి అంటారు. గుబిలి అనేవారూ ఉన్నారు. సంస్కృత వైద్యగ్రంథాలలో దాని పేరు కర్ణగూథం. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో లెక్కించిన 28 కర్ణరోగాలలో దానికీ ఒక పీట వేశారు. ఇంత అల్పవిషయానికి ఒక టపా అవసరమా అని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వండి గాని, చివరిదాకా చదవండి.

ఒకప్పుడు రైలుస్టేషన్ల దగ్గర, సంతలలో, ఎర్ర తలపాగా చుట్టుకొని, అందులో సన్నని ఇనుప పుల్లలూ దూదీ దోపుకొని తిరిగే మనుషులు విరివిగా కనబడేవారు. ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నారు. వారిలో కొందరు చేతివాటంతో చెవిలోనుంచి ‘రాళ్ళు’ సైతం తీసి చూపేవారు! నేడా పని గాజు తలుపుల గదులలోకి మారింది. వినికిడి యంత్రాల దుకాణంలో చేసేవారున్నారు, ఫోను చేస్తే ఇంటికే వచ్చేవారున్నారు. చిన్న కెమెరా గొట్టాన్ని చెవిలో పెట్టి లోపలి దృశ్యాన్ని తెరపై చూపుతారు. తన చెవి లోపలిని తానే చూసుకొన్నవానికి ఎదుటివాడు ధన్వంతరి అంతటివాడే అనిపించడం సహజం. ఆ కెమెరాను ఎవరైనా కొనవచ్చునన్న సంగతి ఆ క్షణాన తట్టదు.

మా పాఠశాలలో లెక్కలు చెప్పిన మాస్టారొకరు ఉన్నారు. మధుమేహి. చెవి దిబ్బడ వేసిందని అటువంటి ఒక చోటికి వెళ్ళారు. బోర్డుపై పేరుకు ముందు ‘డా.’ అని ఉన్నది, పేరు తరువాత నాలుగైదు పొడి అక్షరాలు ఉన్నవి. కూర్చోబెట్టి పిచికారీతో నీళ్ళు కొట్టారు. చిన్ననాడు చెవిలో చీము కారి మాస్టారి కర్ణభేరికి చిల్లి పడి ఉన్నది. ఆ సంగతి అడిగినవారు లేరు. చక్కెర ఉన్నదా అనీ అడగలేదు. వారం తిరగకుండా చీము, నిద్ర పట్టనంత పోటు. పిదప ఇ.ఎన్.టి. వైద్యురాలి దగ్గర నెలల తరబడి చికిత్స. ప్రాణగండం తప్పింది గాని, ఆ వైపు కూర్చున్నవారి మాట ఇప్పుడాయనకు అందదు. కుమారుడు ఆ మొదటి చోటికి పోయి, మీ రిజిస్ట్రేషన్ సంఖ్య ఏమిటని అడిగితే, ‘మీరెవరు అడగడానికి?’ అన్నారట.

ఇక్కడే నా వాదమంతా ఉన్నది. అర్హత గల వైద్యుడు పొరపాటు చేయడని నేననను. చేస్తాడు. కాని రిజిస్టరులో పేరున్న వైద్యుని పిలిచి సంజాయిషీ అడగగల మండలి ఒకటి ఉన్నది. అవసరమైతే ఆ పేరును తొలగించగలదు. పేరే లేనివానిని ఎక్కడినుంచి తొలగిస్తారు? పోలీసుల వద్దకో, న్యాయస్థానానికో తిరగవలసినదే. అర్హతపత్రమంటే గోడకు తగిలించిన అలంకారం కాదు, ‘నేను జవాబుదారీని’ అన్న వాగ్దానం.

గులిమి నిజానికి మురికి కాదు. చెవికాలువ చర్మాన్ని కాపాడే మైనం. పెద్దవారిలో ఆ కాలువ పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. దానిలోని చర్మం లోపలినుంచి బయటికి మెల్లగా జరుగుతూ, నమిలేటప్పుడు దవడ కదలిక తోడై, మైనాన్ని తానే వెలుపలికి పంపుతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక, కొత్తగా వచ్చిన దూదిపుల్ల — అన్నీ దానిని తిరిగి లోపలికి నెట్టేవే. చాలామందికి మెత్తబరచే చుక్కలే చాలు. చాలనప్పుడు వైద్యులు నీటితో కడుగుతారు, సూక్ష్మదర్శిని కింద చూస్తూ సన్నని గొట్టంతో పీలుస్తారు, లేదా చిన్న కొక్కెంతో తీస్తారు. మూడూ మంచి పద్ధతులే, ఎప్పుడు చేయరాదో తెలిసినవాని చేతిలో. నీరు శరీరపు వేడికి సరిపడకపోతే తల తిరిగి పడిపోతారు. భేరికి చిల్లి ఉన్నా, చెవికి పూర్వం శస్త్రచికిత్స జరిగినా నీరు కొట్టరాదు. వయసు మళ్ళిన మధుమేహులలో ఇటువంటి తడి తరువాత పట్టుకొన్న సూక్ష్మజీవి పుర్రె అడుగు ఎముకదాకా పాకే ప్రమాదమున్నది. కనుక కడగడం గొప్ప విద్య కాదు. కడగవద్దని చెప్పగలగడం విద్య.

మన పూర్వులకు ఈ వివేకం లేకపోలేదు. శాస్త్రం చదివి, దాని అర్థం గ్రహించి, గురువు చేసే కర్మను కళ్ళారా చూసి, తాను చేసి అభ్యసించినవాడు, ఆపైన రాజానుజ్ఞ పొంది మాత్రమే వైద్యవృత్తిలో ప్రవేశించాలని సుశ్రుత సంహిత సూత్రస్థానంలో ఉన్నది. ఆ రాజానుజ్ఞే నేటి రిజిస్ట్రేషన్ సంఖ్య. దొంగవైద్యుడు వర్ధిల్లడం రాజు దోషమేనని కూడా అదే గ్రంథం తేల్చింది. చరకుడు ఇంకొక అడుగు వేసి, వైద్యులను ప్రాణాన్ని నిలిపేవారు, రోగాన్ని పెంచేవారు అని రెండు తెగలుగా విడదీసి, రెండవ తెగవారు వేషం వేసుకొని వీధులలో తిరుగుతూ, ఎవరికో జబ్బని వినగానే అక్కడ వాలి, వినబడేలా తమను తాము పొగడుకొంటారని వర్ణించాడు. మన కాలపు ప్రకటనల కరపత్రాలు ఆయన చూసి ఉంటే ఏమనేవాడో!

వర్తమానానికి వద్దాం. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం వైద్యుడు తన రిజిస్ట్రేషన్ సంఖ్యను ఆసుపత్రిలో అందరికీ కనబడేలా పెట్టాలి, మందుల చీటీ మీదా, డబ్బు రసీదు మీదా వేయాలి. కనుక ఆ సంఖ్య అడగడం అవమానించడం కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్యమండళ్ళు రెండింటికీ అంతర్జాల పట్టికలున్నవి. జాతీయ వైద్య కమిషన్ పట్టిక వేరుగా ఉన్నది. 2014కు ముందు నమోదైనవారి పేరు ఒకచోట లేకపోతే రెండవచోట వెదకాలి. సంఖ్య దొరికితే చాలదు. పేరు, తండ్రి పేరు సరిపోయినవో లేదో చూడాలి. ఎం.బి.బి.ఎస్. పైన ఎం.ఎస్. గాని డి.ఎల్.ఓ. గాని నమోదైనదా అన్నదీ చూడాలి. దుకాణంలోని వ్యక్తి నేను ఆడియాలజిస్టునంటే, ఆ శాస్త్రం వేరు, రిజిస్టరు వేరు. భారత పునరావాస మండలి 1992 చట్టం కింద వారికి సంఖ్య ఇస్తుంది. ఒక వైద్యవిధానం చదివి మరొక విధానంలో చికిత్స చేసేవాడూ నకిలీయేనని సర్వోన్నత న్యాయస్థానం 1996లో పూనమ్ వర్మ కేసులో స్పష్టం చేసింది. రిజిస్టరులో లేకుండా వైద్యం చేస్తే 2019 చట్టం ప్రకారం ఏడాది జైలు, ఐదు లక్షల జరిమానా వరకు ఉన్నది. చట్టానికి కొరత లేదు, అడిగేవారికే కొరత.

మన పిల్లలున్న బ్రిటనులో పరిస్థితి మరొక తీరు. అక్కడ అనేక ప్రాంతాలలో కుటుంబ వైద్యులు గులిమి తీయడం మానేయడంతో జనం ప్రైవేటు క్లినిక్కుల దారి పట్టారు. వినికిడి యంత్రాలు అమర్చేవారి బిరుదుకు చట్టరక్షణ ఉన్నది, హెచ్.సి.పి.సి. అనే సంస్థ రిజిస్టరు ఉన్నది. గులిమి తీయడమనే పనికి మాత్రం ప్రత్యేకమైన రక్షణ లేదు. పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ ఎన్.ఎం.సి. అంటే నర్సుల మండలి, ఇక్కడ ఎన్.ఎం.సి. అంటే వైద్య కమిషన్. అక్షరాలు ఒకటే, అర్థాలు వేరు.

అద్దెకు దిగేవానిని ఆధార్ అడుగుతాం. బడిలో చేరే పసివాని టి.సి. మీద ముద్ర సరిగా పడిందో లేదో నేనే ముప్పై ఏళ్ళు పరిశీలించాను. కర్ణభేరికి వెంట్రుకవాసి దూరంలో ఇనుము పెట్టేవానిని అడగడానికి మాత్రం మొగమాటం!

అయితే భారమంతా రోగి నెత్తిన వేయడం నాకు సమ్మతం కాదు. ఆ పట్టికలన్నీ ఆంగ్లంలో ఉన్నవి. ఇంగ్లీషు అక్షరక్రమంలో ఒక్క అక్షరం తప్పితే పేరు దొరకదు. పల్లెలో చెవిపోటుతో ఉన్న వృద్ధురాలు వాటిలో ఏమని వెదుకుతుంది? రెండు తెలుగు రాష్ట్రాల మండళ్ళు తమ పట్టికలను తెలుగులో కూడా పెట్టాలి. ప్రతి బోర్డు మీద వైద్యుని పేరంత పెద్ద అక్షరాలతో, తెలుగులో, ఆ సంఖ్య ఉండాలి. మండళ్ళకు ఉత్తరం రాస్తున్నాను. అభ్యంతరం లేనివారు సంతకం చేయండి. ఇక రిజిస్ట్రేషన్ సంఖ్యను తెలుగులో ‘నమోదు సంఖ్య’ అందామా, ‘అనుజ్ఞా సంఖ్య’ అందామా? నాకు రెండవదే ఇష్టం గాని, అవ్వకు అర్థమయ్యేది మొదటిదేమో. మిత్రులు తేల్చి చెప్పండి.