సోమవారం జ్వరం

వానలు ముదరకముందే పెరటి వసారాకు రేకులు వేయిద్దామనుకున్నాను. జి.ఐ. గొట్టాలు తెప్పించి, వెల్డింగు తెలిసిన కుర్రవాణ్ణి ఒకణ్ణి మాట్లాడాను. సోమవారం పొద్దున్నే వచ్చాడు. పనికి కూర్చున్నాడో లేదో చినుకులు మొదలు. రోజు వృథా ఎందుకని సామాన్ల గదిలో కూర్చుని అతకమన్నాను. తెల్లటి పొగ గుప్పున లేచింది. ఇల్లంతా పొగేనని మా ఆవిడ గోల పెడితే ఆ గది తలుపు వేయించాను. కుర్రవాడు ముక్కుకు జేబురుమాలు కట్టుకుని సాయంత్రం దాకా పని చేశాడు.

మంగళవారం రాలేదు. "ఈ పనివాళ్లంతా ఇంతే!" అని ఇంట్లో చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఉపన్యాసాలు నా వృత్తి కదా!

బుధవారం వచ్చాడు, మొహం పీక్కుపోయి.

"రాత్రంతా చలిజ్వరం మేష్టారూ! నోట్లో డబ్బుబిళ్ళ పెట్టుకున్నట్టు ఒకటే రుచి. మాకిది మామూలే లెండి. ఆదివారం సెలవు తీసుకుంటే సోమవారం తప్పదు. పాలు తాగితే పోతుందంటారు, తాగాను."

ఇదేం జ్వరమో మా డాక్టరు మిత్రుణ్ణి అడిగాను. జి.ఐ. గొట్టం మీద ఉండే పూత జింకు. మన నిఘంటువుల్లోని తుత్తునాగం అదే. ఇనుము కరగడానికి 1538 డిగ్రీల వేడి కావాలి. జింకు 907 డిగ్రీలకే ఆవిరై, గాలిలోని ఆక్సిజనుతో కలిసి జింక్ ఆక్సైడ్ అవుతుంది. ఆ తెల్లపొగ అదేనట. చెమటపొక్కులకు రాసే కాలమైన్‌లో ఉన్నదీ ఆ పదార్థమే. చర్మానికి మేలు చేసేది ఊపిరితిత్తులకు పడదు. ఆ పొగలోని రేణువులు తలవెంట్రుక మందం కంటే ఎంతో చిన్నవి. జేబురుమాలు వాటిని ఏం ఆపుతుంది? ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. అవి చేరిన కొన్ని గంటలకు ఒళ్లు, రోగక్రిమి జొరబడినట్టే కంగారుపడి జ్వరం తెచ్చుకుంటుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. రోజూ పీలిస్తే ఒళ్లు కొంత ఓర్చుకుంటుంది. ఒక్కరోజు మానితే ఆ ఓర్పు సడలిపోతుంది. అందుకే సోమవారం జ్వరం! పాలు దానికి మందు కాదు.

ఇది కొత్త సంగతీ కాదు. ఇత్తడి పోతపనివారి చలిజ్వరం గురించి 1862లోనే గ్రీన్‌హో అనే ఆంగ్ల వైద్యుడు రాశాడు.

"తగ్గిపోయేదేగా!" అన్నాను.

"జ్వరం తగ్గుతుంది. పొగ పీల్చడం తగ్గుతుందా?" అన్నాడు మిత్రుడు. వెల్డింగు పొగలు మనుషులకు క్యాన్సర్ తెస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో నిర్ధారించిందట. పూత కాడ్మియందైతే ఇలాంటి జ్వరంతోనే మొదలై ప్రాణం మీదికి రావచ్చునట. ఆయాసం వస్తే మాత్రం ఇంట్లో పడుకోకుండా ఆస్పత్రికి పోవాలన్నాడు.

మర్నాడు గొట్టాలు ఆరుబయట వేయించాను. అతికే చోట పూత గీకేయాలని, గాలి పక్కనుంచి వీచేట్టు కూర్చోవాలని డాక్టరు చెప్పినవి అప్పగించాను.

కుర్రవాడు నవ్వాడు. "తెలుసు మేష్టారూ! గీకడానికి పూట పడుతుంది. ఆ పూట కూలి ఎవరిస్తారు?"

నా ఉపన్యాసం అక్కడితో ఆగింది. ఆ పూట కూలీ, మంగళవారం కూలీ కలిపి ఇచ్చాను. సోమవారం నేను పొగకే తలుపు వేశాననుకున్నాను. అవతల మనిషి ఉన్నాడన్నది తోచలేదు. మీ ఇంట గేటో, కిటికీ ఊచలో అతికించేటప్పుడు బేరంలో ఆ ఒక్క పూటా కలపండి.