ముగ్గుకి లేని తప్పు పిచ్చిగీతకి ఎందుకు?

ధనుర్మాసం నెల రోజులూ మా గన్నవరంలో తెల్లవారేసరికి వాకిళ్ళ నిండా ముగ్గులే. చలిలో వంగుని, నడుం పట్టేసేదాకా చుక్కలు పెట్టి గీతలు కలిపిన ఆడమనిషిని "టైమ్ వేస్టు" అని ఎవరూ అనరు. పైగా నిలబడి చూసి మెచ్చుకుంటారు. అదే మనిషి మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, పిల్లల పాత నోటుపుస్తకం వెనక పేజీలో పెన్నుతో సున్నాలూ ఆకులూ తీగలూ వేసుకుంటూ కూర్చుంటే మాత్రం "ఏంటా పిచ్చిగీతలు, పనేం లేదా?" అంటారు.

చెయ్యి అదే, గీతా అదే. ముగ్గు ఇంటి కోసం, పిచ్చిగీత ఆమె కోసం. అంతే తేడా.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మన చేత్తో వేసిన ప్రతిదీ ఎవరికో ఒకరికి పనికిరావాలట. ఇంటికి శుభమైనా జరగాలి, సంక్రాంతి పోటీలో కుక్కరైనా గెలవాలి. ఇప్పుడు కొత్తగా "యూట్యూబులో పెట్టు, నాలుగు డబ్బులొస్తాయి" ఒకటి. ఏమీ రాకపోతే అది పిచ్చి! మరి మగవాళ్ళు ఫోన్ మాట్లాడుతూ పేపరు అంచున పెట్టెలు గీస్తే? ఆయన ఏదో ఆలోచనలో ఉన్నారు, పలకరించకూడదు.

మెలికల ముగ్గు వేసినవాళ్ళకి తెలుసు, చుక్క చుట్టూ గీత తిప్పుతున్నంతసేపూ మనసు ఎటూ పోదు. ఆ మెలికల్లో ఉన్న లెక్క చూసే మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి 1970లలో తమిళ ముగ్గుల మీద కంప్యూటర్ శాస్త్ర పరిశోధనలు చేశారు. పిచ్చిగీతలోనూ ఆ నిమగ్నతే ఉంది. పైగా ఇందులో తప్పు పోవడమనేదే లేదు. అపార్టుమెంటు గుమ్మం ముందు రెండడుగుల చోటులో స్టిక్కరు ముగ్గు అతికించేశాక, మన చేతికి మిగిలింది ఆ కాగితం ముక్కే కదా.

రుజువులు కావాలా? అవీ ఉన్నాయి. 2009లో బ్రిటన్‌లో జాకీ ఆండ్రేడ్ అనే శాస్త్రవేత్త 40 మందికి విసుగు పుట్టించే ఫోన్ సందేశం వినిపించారు. వింటూ కాగితం మీద ఆకారాలు నింపినవాళ్ళు, ఊరికే విన్నవాళ్ళకంటే 29 శాతం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్ళు 39 మంది చేత 45 నిమిషాలు కళాకృతులు చేయిస్తే, దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. కళలో ముందే అనుభవం ఉందా లేదా అన్నదానితో పని లేకపోయింది.

కానీ నిజం చెప్పనా, ఈ రుజువులు చూపించాల్సి రావడమే నాకు నచ్చదు. అరగంట మనకోసం కూర్చోవడానికి డాక్టరు చీటీ ఎందుకు? హాయిగా ఉంది, చాలదా?

"మరి ఇంట్లో పనో?" అంటారు. అరగంటలో కొంప మునగదు. పొయ్యి మీద పప్పు అడుగంటుతుంటే స్టవ్ కట్టేసే చేతులు ఇంట్లో ఇంకా ఉన్నాయి.

కాబట్టి పెన్ను తీయండి. పాలలెక్క రాసే క్యాలెండరు వెనకైనా సరే. ఎవరైనా వచ్చి "ఇదెందుకు?" అని అడిగితే "నాకోసం" అనండి. అంతకుమించి ఒక్క ముక్క కూడా వివరణ ఇవ్వకండి.