ఓట్స్ బొమ్మ ముందు.. అసలు కథ వెనక!

‘‘అక్కా, ఓట్స్ ఫేస్‌వాష్ తెచ్చిన. జెంటిల్ అని రాసుంది. అయినా కడుక్కోంగనే మొఖం చుర్రుమంటుంది.’’ కల్వకుర్తి నుంచి మా పిన్ని కూతురు వాయిస్ మెసేజ్ ఇది. డిగ్రీ సెకండియర్ చదువుతోంది. ‘‘ట్యూబ్ వెనక్కి తిప్పి ఫొటో పెట్టు’’ అన్నాను.

ముందువైపు ఓట్స్ కంకి, పక్కన పాలచుక్క. వెనక మాత్రం చీమల బారులా సన్నటి అక్షరాలు. మొత్తం 22 పేర్లు. అందులో ఓట్స్ ఎక్కడుందో తెలుసా? 18వ పేరు!

ఈ వరుస ఊరికే రాసింది కాదు. మన కాస్మెటిక్స్ రూల్స్-2020 ప్రకారం ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాయాలి. 1 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఇక్కడే ఒక చిట్కా ఉంది. ‘ఫినాక్సీఇథనాల్’ అనే ప్రిజర్వేటివ్ చాలా ఫేస్‌వాష్‌లలో ఉంటుంది. దాన్ని 1 శాతానికి మించి వాడకూడదు. కాబట్టి దాని తర్వాత ఓట్స్ పేరు కనిపిస్తే, ఓట్స్ కూడా 1 శాతం లోపేనన్నమాట. మా చెల్లె ట్యూబ్‌లో ఉన్నది అదే.

ఓట్స్ ఏం చేస్తుంది?

మంచిదే చేస్తుంది. ఓట్స్‌ని మెత్తగా పొడి చేసి నీళ్లలో కలిపితే అడుగుకు దిగకుండా తేలుతూ ఉంటుంది. దీన్ని కొల్లాయిడల్ ఓట్‌మీల్ అంటారు. అమెరికాలో 1945 నాటికే దీన్ని స్నానపు పొడిగా అమ్మారు. 2003లో అక్కడి ఎఫ్‌డీఏ దీన్ని చర్మాన్ని కాపాడే పదార్థాల జాబితాలో చేర్చింది.

ఓట్స్ ఉడికిస్తే జిగురుగా అవుతుంది కదా? ఆ జిగురు బీటా గ్లూకాన్. చర్మం మీద సన్నటి పొరలా నిలిచి తేమను పట్టి ఉంచుతుంది. అవెనాంత్రమైడ్స్ అనేవి చాలా కొద్దిగా ఉంటాయి కానీ దురద, ఎరుపు తగ్గించడంలో సాయపడతాయి. లేబుల్ మీద ‘అవేనా సటైవా కెర్నల్ ఫ్లోర్’ అనో, ‘కొల్లాయిడల్ ఓట్‌మీల్’ అనో ఉంటే ఓట్స్ పిండే వేశారని అర్థం. ‘ఎక్స్‌ట్రాక్ట్’ అని ఉంటే ఓట్స్ సారం. అది చిక్కగా ఉందో పలచగా ఉందో పేరు చూసి చెప్పలేం.

కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. ఫేస్‌వాష్ మన మొఖం మీద ఉండేది నిమిషం. ఆ తర్వాత నీళ్లతో పాటు పోతుంది. ఆ నిమిషంలో చర్మానికి మేలో కీడో ఎక్కువగా చేసేది ఓట్స్ కాదు, నురగ తెప్పించే పదార్థం.

రెండు, మూడు పేర్లే కీలకం

జాబితాలో మొదటిది దాదాపు ఎప్పుడూ నీళ్లే. ఆ వెంటనే వచ్చే రెండు, మూడు పేర్లు చూడండి. మురికిని, జిడ్డును లాగేసే సర్ఫాక్టెంట్లు అక్కడ ఉంటాయి.

సోడియం లారిల్ సల్ఫేట్ గట్టిది. చర్మానికి కావాలని మంట పుట్టించి పరీక్షించడానికి పరిశోధకులు వాడేది కూడా దీన్నే. పేరులో కొద్దిపాటి తేడాతో ఉండే సోడియం లారెత్ సల్ఫేట్ దానికంటే కాస్త నయం. కోకామిడోప్రొపైల్ బీటైన్, డెసైల్ గ్లూకోసైడ్, సోడియం కోకాయిల్ ఐసెథియోనేట్ మృదువైనవి. ‘సల్ఫేట్ ఫ్రీ’ అని రాసున్నంత మాత్రాన మెత్తనిదని కాదు. ఒలెఫిన్ సల్ఫోనేట్ అనేది సల్ఫేట్ కాదు కానీ అదీ చర్మాన్ని బాగానే ఎండగడుతుంది.

మా చెల్లె ట్యూబ్‌లో రెండో పేరే సోడియం లారిల్ సల్ఫేట్. పైగా వాళ్లింట్లో బోరు నీళ్లు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టేంత ఉప్పదనం. 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో బ్రిటన్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీ పరిశోధకులు ఇదే చూశారు. నీళ్లలో కాల్షియం లాంటివి ఎక్కువుంటే ఈ సల్ఫేట్ చర్మం మీద ఎక్కువగా మిగిలిపోతోంది, మంట పెరుగుతోంది. అంటే మెత్తటి నీళ్లు వచ్చే ఇంట్లో పడిన ఫేస్‌వాష్, బోరు నీళ్ల ఇంట్లో పడకపోవచ్చు. ఫ్రెండ్‌కి పడింది కదా అని కొనేముందు ఇది ఆలోచించండి.

అయితే సబ్బే నయమా? కాదు. మన చర్మం పీహెచ్ సుమారు 5. మామూలు సబ్బుది 9 నుంచి 10. అదీగాక ఉప్పునీళ్లలో సబ్బు తెట్టులా మారి మొఖానికి అంటుకుంటుంది. ఫేస్‌వాష్‌లో సిట్రిక్ యాసిడ్ పేరు కనిపిస్తే కంగారు పడకండి. సాధారణంగా పీహెచ్‌ని తగ్గించడానికే కాస్త వేస్తారు.

మిగతా పేర్ల సంగతి

గ్లిజరిన్: తేమను పట్టి ఉంచుతుంది. పేరు ముందు వరుసలో ఉంటే మంచిది.

ఫినాక్సీఇథనాల్, సోడియం బెంజోయేట్: బూజు, బ్యాక్టీరియా పట్టకుండా ఆపుతాయి. నీళ్లున్న ఫేస్‌వాష్‌కి ఇలాంటివి తప్పవు.

పర్ఫ్యూమ్: మొఖం మండేవాళ్లు మొదట అనుమానించాల్సింది దీన్నే. ‘అన్‌సెంటెడ్’ అంటే వాసన తెలియకుండా ఇంకో సువాసన కలిపి ఉండొచ్చు. ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అని ఉన్నది వెతకండి.

ఏది కొన్నా ముందు మోచేతి మడతలో రెండు, మూడు రోజులు రాసి కడిగి చూడండి. అరుదుగా ఓట్స్ కూడా కొందరికి పడదు.

ఫేస్‌వాష్ చేయలేని పని

చెల్లె ఫేస్‌వాష్ మార్చింది. చుర్రుమనడం తగ్గింది కానీ బుగ్గల మీద ఎరుపు పోలేదు. ఎండలోకి వెళ్తే మంట. ‘‘ఇంకేమన్నా పెడుతున్నవా?’’ అని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. ‘‘మెడికల్ షాపుల క్రీమ్ ఇచ్చిండ్రు. ఆర్నెల్ల సంది పెడుతున్న. మొదట మస్తు తెల్లగైన అక్కా.’’

ఆ ట్యూబ్ ఫొటో చూస్తే మోమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్. మొదటిది స్టెరాయిడ్. నెలల తరబడి మొఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు తేలతాయి, మొటిమలు వస్తాయి. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా తెల్లబడే క్రీమ్ పేరుతో చేతికి వస్తూనే ఉన్నాయి.

ఒక్కసారిగా ఆపేసినా మంట, ఎరుపు ఎగదన్నుతాయి. అందుకే సొంత వైద్యం వద్దు, ఏ ఓట్స్ ఫేస్‌వాష్‌తోనూ ఇది నయం కాదు. చర్మ డాక్టర్‌ని కలవాల్సిందే. పట్నం దాకా పోనక్కర్లేదు, జిల్లా కేంద్రం నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ముందు అక్కడ అడగండి. వెళ్లేటప్పుడు వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్లండి. సిగ్గుపడి దాచొద్దు.

చెల్లె ఇప్పుడు డాక్టర్ చెప్పినట్టే మందులు వాడుతోంది. బుగ్గలు ఇంకా పూర్తిగా మామూలు కాలేదు, టైం పడుతుందన్నారు. మొన్న షాపులో నిలబడి ఒక ఫొటో పంపింది. ముందువైపు కాదు, వెనకవైపు. ‘‘అక్కా, రెండో పేరు బీటైన్. పర్ఫ్యూమ్ లేదు. కొననా?’’

కొనుక్కో చెల్లె!