కట్టివేయవలసింది మనిషిని కాదు

“మత్తుకు అలవాటుపడినవానిని నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే వాడే దారికి వస్తాడు.” ఈ మాటను అమలాపురంలోనూ, రాజోలులోనూ, కొత్తపేటలోనూ చదువుకున్నవారి నోటనే విన్నాను. ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో, మణికట్లపై తాళ్లు ఒరుసుకున్న గాయాలతో నా ముందుకు తెచ్చిన ఒక యువకుణ్ణి నేను మరువలేదు. అతడు కొబ్బరి దింపు కార్మికుడు. నడుము నొప్పికి మొదలుపెట్టిన ట్రమడాల్ మాత్రలు క్రమంగా పెరిగిపోయాయి. అతణ్ణి మంచానికి కట్టినవారు శత్రువులు కారు, కన్నతండ్రీ అన్నదమ్ములూ. “అంతా నాటకం, డాక్టరుగారూ” అన్నాడు తండ్రి. అది నాటకం కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

మనిషి తలచుకుంటే ఏడ్వగలడు, మూలగగలడు. కానీ తలచుకుని కంటిపాపలను విప్పార్చలేడు. ఒళ్లంతా రోమాలు నిక్కబొడుచుకునేలా చేయలేడు. చెమటలు, ఆవులింతలు, ముక్కు కారడం, విరేచనాలు, గుండెదడ అన్నీ ఒకేసారి తెచ్చుకోలేడు. వీటిని తెచ్చేది మెదడు.

ఎలాగో చూడండి. నాడీకణం పొరలో పొటాషియం అయాన్లు బయటికి పోయే సూక్ష్మద్వారాలు ఉంటాయి. నల్లమందు జాతికి చెందిన మందు, అనగా మార్ఫిన్, హెరాయిన్, ట్రమడాల్ వంటిది, కణంపై తన గ్రాహకాన్ని తాకగానే ‘గిర్క్’ అనే పొటాషియం ద్వారాలు తెరుచుకుంటాయి. పొటాషియం బయటికి పోతుంది, కణం శాంతిస్తుంది, నొప్పి తగ్గుతుంది. మందు రోజూ వస్తూంటే కణం ఊరుకోదు. గ్రాహకాలు మొద్దుబారుతాయి. అణచివేతకు ఎదురుగా కణం లోపలి నుంచి తనను తాను ఉద్రేకపరచుకుంటూ పోతుంది.

కాలువ ఒడ్డున పుట్టిన మనకు ఇది సులభంగా అర్థం కావాలి. ఎగువ నీరు పెరుగుతున్న వేళ లాకు తలుపులన్నీ ఒక్కసారి దించితే గట్టు నిలుస్తుందా? మందు హఠాత్తుగా ఆపినప్పుడు జరిగేదీ అదే. పొటాషియం ద్వారాలు మూతపడతాయి, లోపలి ఉద్రేకం మాత్రం మిగిలి ఉంటుంది. మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్ అనే చిన్న కేంద్రం అదుపు తప్పి నోరడ్రినలిన్‌ను వెదజల్లుతుంది. ఆ యువకుని చెమట, దడ, వణుకు చాలావరకు అక్కడివే.

ఇది ఊహ కాదు. క్లోనిడిన్ అనే రక్తపోటు మందు ఈ బాధను తగ్గిస్తుందని 1978లోనే వైద్యులు చూపించారు. అది వేరే గ్రాహకం ద్వారా పనిచేసినా, ఆ కణాలలో తెరిచేది అదే పొటాషియం ద్వారాన్ని. 2008లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, గిర్క్ ద్వారాలలోని రెండు ముఖ్య భాగాలు లేకుండా పుట్టించిన చుంచెలుకలకు మార్ఫిన్ ఆపినప్పటి లక్షణాలు బాగా తగ్గిపోయాయి. చుంచెలుకకు సంకల్పబలం బోధించినవారు ఎవరూ లేరు గదా!

పొటాషియం అనగానే కోనసీమవాసికి కొబ్బరినీళ్లు గుర్తుకు రావడం సహజం. విరేచనాలతో నీరసించినవానికి అవి మంచివే. కానీ ఇక్కడి లోటు పొటాషియంలో లేదు, దాని ద్వారం తెరుచుకోవడంలో ఉంది. బొండాలెన్ని తాగించినా ఆ ద్వారం తెరుచుకోదు. పొటాషియం మందులు సొంతంగా వాడితే, ముఖ్యంగా మూత్రపిండాలు చెడినవారికి, గుండె ఆగే ప్రమాదం ఉంది.

తాళం వేసిన గది మరొక కీడు చేస్తుంది, అది ప్రాణాంతకమైనది. కొన్ని రోజులు మందు లేకుండా గడిపిన శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. కోరిక మాత్రం పోదు. బయటికి వచ్చినవాడు పాత లెక్కనే మందు తీసుకుంటే శ్వాస ఆగిపోతుంది. “బాగుపడ్డాడు” అని మనం సంతోషించిన వారంలోనే చావు రావచ్చు.

మరి చేయవలసినదేమిటి? మోతాదును వైద్యుని పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. లేదా బ్యుప్రినార్ఫిన్ వంటి మందు ఇవ్వాలి. “ఒక మత్తు మాన్పించి మరో మత్తు పెడుతున్నారు” అనేవారికి నా సమాధానం ఇది: ఆ మందు గ్రాహకాన్ని పాక్షికంగానే ప్రేరేపిస్తుంది, చాలాసేపు నిలుస్తుంది, మనిషి మరల పనికి పోగలుగుతాడు. లాకు తలుపు ఒక్కొక్క మెట్టుగా దించడమంటే అదే. క్లోనిడిన్ గానీ బ్యుప్రినార్ఫిన్ గానీ సొంతంగా వాడరాదు. మొదటిది రక్తపోటును పడగొట్టవచ్చు, రెండవది వేళ తప్పి ఇస్తే బాధను రెట్టింపు చేయవచ్చు.

దేశంలో 2.26 కోట్ల మంది నల్లమందు జాతి పదార్థాలు వాడుతున్నారని 2019లో వెలువడిన జాతీయ సర్వే అంచనా వేసింది. సమస్య అధికంగా ఉన్న కొద్ది రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌ను పేర్కొంది. ఇది పంజాబు గోల అని చేతులు దులుపుకోవడం చెల్లదు.

నింద వేయవలసినచోట వేద్దాం. ముందుగా మా వైద్యులపై: నొప్పి తగ్గాక మందు ఎలా ఆపాలో చెప్పకుండా చీటీ రాసి పంపినవారం మేమే. తరువాత, చీటీ లేకుండా మాత్రలు అమ్మే దుకాణదారులపై. ట్రమడాల్ 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది, తెలియదనడానికి వీలులేదు. చివరికి, గొలుసులతో బాగుచేస్తామని సొమ్ము గుంజే కేంద్రాలపై. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసన రోగులకూ వర్తిస్తుంది. గొలుసులతో బంధించడాన్ని అది స్పష్టంగా నిషేధించింది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ మందు కోసం అబద్ధమాడి ఉండవచ్చు, ఇంట్లో సొమ్ము తీసి ఉండవచ్చు. మీ కోపం న్యాయమైనదే. కానీ అతని చెమట అబద్ధమాడడం లేదు. తాడు పక్కన పెట్టండి. 14446కు ఫోను చేయండి, అది మత్తు విముక్తికి జాతీయ సహాయ నంబరు. మానసిక సలహాకు 14416 ఉంది. చికిత్సకు స్వచ్ఛందంగా వచ్చిన వ్యసనపరునికి, స్వల్ప పరిమాణంలో మందు దొరికిన కేసులలో, మాదకద్రవ్యాల చట్టమే రక్షణ కల్పించింది. కాబట్టి పోలీసు భయంతో దాచిపెట్టకండి.

కట్టివేయవలసింది చీటీ లేని అమ్మకాన్ని, మనిషిని కాదు.