చిట్టికి ఇంక పొంగలి వద్దు

పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం రోజు రాత్రి పదిన్నరకి మా అత్తమ్మ దొడ్లోంచి కేకేసింది. "అమ్మాయ్, చిట్టి నెమరెయ్యడం లేదు, రా!"

చిట్టి మా పుంగనూరు ఆవు. నా నడుము దాకా కూడా రాదు. వెళ్ళి చూస్తే తల వాల్చేసి నిలబడుంది. ఎడమ డొక్క ఉబ్బి డోలులా ఉంది. పళ్ళు కొరుకుతోంది.

డాక్టరు వచ్చేలోపు పగలు ఎవరెవరు ఏం పెట్టారో లెక్క తీశాం. మా ఇంట్లో చక్కెర పొంగలి. తోడికోడలు పులిహోర. ఎదురింటివాళ్ళ బూరెలు. మరెవరివో అరటిపళ్ళు, బెల్లం, మిగిలిన అన్నం. అందరూ పెట్టింది తలా చేరెడే. తొమ్మిదిళ్ళ చేరెళ్ళు కలిస్తే బకెట్టు నిండింది.

డాక్టరు గొట్టం వేసి, వంట సోడా నీళ్ళు పట్టించి, సూదులు వేసి తెల్లవారుజాము దాకా కూర్చున్నారు. ఆయన చెప్పింది నాకు వంటింటి భాషలోనే అర్థమైంది. ఆవు కడుపు గడ్డిని మెల్లగా నానబెట్టుకుని అరిగించుకునే తొట్టి. అందులో ఉడికిన అన్నం, బెల్లం పడితే ఎండాకాలం దోసెల పిండిలా గంటల్లో పులిసిపోతుంది. ఆ పులుపు రక్తంలోకి ఎక్కితే ప్రాణమే పోవచ్చు. బతికినా కాళ్ళ గిట్టలు దెబ్బతిని కుంటుతుంది.

తర్వాత టేపు తీసి ఛాతీ చుట్టుకొలత, పొడవు కొలిచి లెక్కేశారు. 230 కిలోలు! ఆ ఎత్తుకి 150 చాలట. "పక్కటెముకలు తడిమి చూడమ్మా" అన్నారు. తడిమితే ఎముక తగల్లేదు, మెత్తటి పరుపు తగిలింది. రెండేళ్ళుగా చూలు నిలవకపోవడానికి ఆ కొవ్వు కూడా కారణం కావచ్చన్నారు. మేమేమో ముద్దుగా బొద్దుగా ఉందని ఫొటోలు తీసుకుంటున్నాం.

పుంగనూరు ఆవు మన జిల్లా బీడు నేలల బిడ్డ. ఎండు గడ్డి తిని రోజుకి మూడు నుంచి ఐదు లీటర్ల చిక్కటి పాలిచ్చే జాతి. అంతరించిపోతుందనుకున్న దాన్ని పలమనేరు పశు పరిశోధన స్థానంలో కాపాడుకుంటూ వచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా చూసింది. ఇప్పుడు లక్షలు పోసి కొని హాల్లో తిప్పుకునేవాళ్ళున్నారు. కొనేటప్పుడు ఎత్తు అడుగుతారు, ధర అడుగుతారు. ఏం తింటుందని అడిగేవాళ్ళు తక్కువ.

ఇంగ్లండులో పొట్టి గుర్రాలదీ ఇదే గోలట. రాళ్ళ కొండల మీద బతికిన జాతులను పచ్చటి పొలంలో వదిలితే మేసి మేసి లావెక్కి, గిట్టలు వాచి కుంటుతాయి. అందుకని మూతికి బుట్ట తగిలించి మేతకి వదులుతారు. మనవాళ్ళు శెనక్కాయ చేలో గుంటక తోలేటప్పుడు ఎద్దు మూతికి కట్టే చిక్కం లాంటిదే.

చిట్టికి చిక్కం కడదామంటే మా అత్తమ్మ ఒప్పుకోలేదు. అసలు చిక్కు వేరే ఉంది. మా దొడ్డి ముగ్గురన్నదమ్ములకీ ఉమ్మడి. తోడికోడలి బర్రె పాలిస్తోంది, దానికి తవుడూ చెక్కా కావాలి. చిట్టి వెళ్ళి అదే తొట్లో మూతి పెడుతుంది. చివరికి ఒక తడిక కట్టించి, బర్రెకి దాణా పెట్టే పూట చిట్టిని ఇవతల కట్టేస్తున్నాం. పూటకి రెండు కిలోల ఎండు జొన్నచొప్ప, కాస్త పచ్చిగడ్డి, డాక్టరు ఇచ్చిన ఉప్పుపొడి. ఒక్కసారిగా కడుపు మాడిస్తే అదీ ప్రమాదమేనట, మెల్లగా తగ్గించమన్నారు.

తడిక కట్టడం సులువే. మనుషులను ఆపడమే కష్టం. వీధి చివరి పెద్దమ్మ భర్త డయాలసిస్ మీద ఉన్నాడు. ప్రతి శుక్రవారం ఆవుకి బెల్లం, నానబెట్టిన శెనగలు పెట్టమని ఆమెకి ఎవరో చెప్పారు. నేను గేటు దగ్గర ఆపితే, "గోవు నోటి దగ్గర ముద్ద లాక్కుంటావా తల్లీ" అని ఏడ్చేసింది. మా అత్తమ్మా ఆమె పక్షమే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయినా నా మాట మార్చుకోలేదు. మన ఆడవాళ్ళకి ప్రేమంటే గరిటె. ఎదుటివాళ్ళు తింటే మన మనసు నిండుతుంది. షుగరున్న మొగుడికి "పండగే కదా" అని ఇంకో బొబ్బట్టు వేసేదీ మనమే. మొగుడైతే నోరు తెరిచి వద్దనగలడు, వినకపోవడం మన ఇష్టం. చిట్టికి ఆ నోరూ లేదు. పుణ్యం మనకి, కడుపుబ్బరం దానికి అయితే, అది దానమెలా అవుతుందో మీరే చెప్పండి.

మూడో శుక్రవారం నేనే పెద్దమ్మ ఇంటికెళ్ళాను. తమిళనాడులో ఆవుకి అవిశాకు పెడతారు కదా, మనం గుప్పెడు గరిక పెడదాం అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కానీ పై వారం గరికతో వచ్చింది. చిట్టి తింటుంటే దాని గంగడోలు నిమురుతూ చాలాసేపు కూర్చుంది. ఇప్పుడు తొమ్మిదిళ్ళలో ఆరిళ్ళు గడ్డికి మారాయి. మిగతా మూడిళ్ళవాళ్ళు నాతో మాట్లాడటం లేదు.

నిన్న టేపుకి 209 వచ్చింది. సంతోషంగా దొడ్లోకి వెళ్తే కుడితి తొట్టి పక్కన అరటితొక్క కనిపించింది. ఎవరని నేను అడగలేదు. మా అత్తమ్మ మాత్రం ఆ పూటంతా నా మొహం చూడలేదు.